అరపాట

అన్నయ్యకి లోకంలో అన్నీ ఇష్టమే, పాటలో మూడో చరణం తప్ప. పల్లవి వింటాడు, మొదటి చరణానికి తలూపుతాడు, రెండో చరణానికి తనూ గొంతు కలుపుతాడు. అది ముగిసిందో లేదో, టక్కున మీట కట్టేస్తాడు. పాట సినిమాదైనా, సీరియల్‌దైనా, ఏడాది చివరి సెలవుల్లో ఇంటింటా మోగేదైనా సరే. అందుకే వీధిలో అతని అసలు పేరు ఎప్పుడో పోయి అరపాట అనేది మిగిలింది. ఆ పేరుకి అతని కంటే ఎక్కువ ఉడుక్కున్నది చెల్లెలు.

అరపాటది టీవీలు బాగుచేసే దుకాణం. సెలవులొస్తున్నాయంటే చాలు, చుట్టుపక్కల టీవీలన్నీ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే జబ్బుపడేవి. విప్పిన సెట్ల మధ్య, టంకం పొగలో, ముక్కు చివర కళ్ళజోడుతో కూర్చుని, బాగుపడ్డ సెట్టులో ఒక పాట పెట్టి చూసేవాడు. రెండో చరణం కాగానే కట్.

"అదేమిటయ్యా, పాట మంచి పట్టులో ఉండగా ఆపేశావు?" అనేవాడు సెట్టు తెచ్చినవాడు.

"నీ టీవీ బాగుపడిందా లేదా?"

"పడింది."

"మరింకేం? మూడో చరణమంటే భోజనాలయ్యాక దిగిన చుట్టంలాంటిదయ్యా. మనకీ ఇబ్బందే, ఆయనకీ ఇబ్బందే. పట్టుకెళ్ళు."

తన పెళ్ళిలోనూ ఇదే వరస. పాడుతున్నావిడ మూడో చరణం ఎత్తుకోగానే పెళ్ళికొడుకే స్వయంగా లేచి వెళ్ళి మైకు తీగ పీకేశాడు. "ఈయనతో కాపురం సగంలో ఆగకపోతే అదే పదివేలు," అంది వదిన ఆ రోజు. ఇప్పటికీ అంటూనే ఉంది.

వీళ్ళందరికీ అదొక నవ్వులాట. చెల్లెలికి మాత్రం కాదు. అమ్మ పోయేనాటికి ఆమెకి ఐదేళ్ళు. తలదువ్వి, అన్నం పెట్టి, బడికి దిగబెట్టి పెంచింది అన్నయ్యే. రేడియో పెట్టిందీ అతనే, కట్టేసిందీ అతనే. ఆమెకి పాటలంటే ప్రాణం, గొంతూ మంచిదే, కానీ వచ్చినవన్నీ సగం పాటలే. పెళ్ళయి వేరే ఇంటికి వెళ్ళినా ఆ జబ్బు వదల్లేదు. రెండో చరణం అయ్యేసరికి ఆమె చెయ్యి కూడా దానంతటదే మీట మీదికి పోయేది. మూడోది అంత బాగుంటే అన్నయ్య ఉంచేవాడేలే అని సరిపెట్టుకునేది.

నిరుడు సెలవుల ముందు ఆఫీసులో అందరూ బలవంతపెట్టి ఆమె చేత పాడించారు. ఏటా ఈ రోజుల్లో టీవీలో తప్పకుండా వచ్చే పాత సినిమాలో పాట అది. తల్లీ పిల్లలూ సెలవులకి రైల్లో వెళుతూ పాడుకుంటారు. చిన్నాపెద్దా అందరికీ కంఠతా వచ్చిన పాట. చెల్లెలు రెండు చరణాలు హాయిగా పాడి ఆగిపోయింది. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు.

"మిగతాది మీ అరపాట అన్నయ్య పీకేశాడా ఏం?" అన్నాడు ఆఫీసరు. హాలు హాలంతా ఘొల్లుమంది.

ఆమె అక్కణ్ణుంచి తిన్నగా దుకాణానికి వెళ్ళింది. "నా బతుకులో ఒక్క పాటనైనా చివరిదాకా పోనిచ్చావా? నీ పిచ్చేదో నీ దగ్గరే ఉంచుకోక నాకెందుకు అంటించావు?"

అరపాట తలెత్తలేదు. "మూడో చరణంలో ఏముందే, వట్టి సాగదీత," అన్నాడు మెల్లగా.

"ఇంక నీ గడప తొక్కితే ఒట్టు!"

అన్నంత పనీ చేసింది. ఏడాదిపాటు అటు వెళ్ళలేదు.

మళ్ళీ సెలవులొచ్చాయి. చెల్లెలు వంటింట్లో పిండి కలుపుతుంటే, ముందుగదిలో అదే సినిమా, అదే పాట. రెండో చరణం అయింది. అలవాటుగా టీవీ దగ్గరికైతే వచ్చింది గానీ, చేతుల నిండా పిండి. మీట ముట్టుకునేదెలా? ఆ కాస్త తటపటాయింపులో మూడో చరణం మొదలైపోయింది. అదే రైలు. పిల్లలున్నారు, తల్లి లేదు. ఆఖరి పిల్ల కిటికీ పక్కనున్న ఖాళీ సీటు మీద చెయ్యి పెట్టి, ఎవ్వరినీ కూర్చోనివ్వడం లేదు.

చెల్లెలు ఆ పిండి చేతులతోనే బయల్దేరింది.

దుకాణం మెట్ల మీద వదిన ఎదురైంది. "గట్టిగా మాట్లాడమ్మా. కొన్నాళ్ళుగా మీ అన్నయ్యకి చెవులు సరిగ్గా వినపడట్లేదు."

"నాకెందుకు చెప్పలేదు వదినా?"

"చెప్పొద్దన్నారు. కోపంతో వెళ్ళింది, జాలితో రావడమెందుకు అన్నారు."

అన్నయ్య బాగా వినగలిగిన ఆఖరి ఏడాదిని చెల్లెలు తన పంతంతో చేజేతులా పాడుచేసింది. దానికి ఇప్పుడు ఎంత ఏడ్చి ఏం లాభం?

"అన్నయ్యా, రైలు పాటలో మూడో చరణం చూశాను!" అని లోపలికి వెళుతూనే అరిచింది.

అరపాట చేతిలోంచి స్క్రూడ్రైవరు జారింది. "ఎవరే పెట్టింది నీకు? ఏడ్చావా?"

"లేదు."

"అబద్ధం. అమ్మ పోయిన ఏడు, సెలవులు కదా, కాస్త నవ్వుతావని ఆ సినిమాకి తీసుకెళ్ళాను. ఆ ఖాళీ సీటు కనపడగానే హాల్లోంచి బయటికి పరుగెత్తావు. నీ వెనకాల నేను. ఎన్ని రోజులో అన్నం ముట్టలేదు. నీకు గుర్తులేదులే."

"సరే, ఆ పాట ఆపావు. మిగతా పాటలేం పాపం చేశాయి?"

"అదొక్కటే ఆపితే ఎందుకని అడగవూ? నీ నోరు నాకు తెలీదా? అందుకని అన్నీ ఆపేశాను."

"మరి నువ్వెప్పుడైనా విన్నావా, మూడో చరణాలు?"

"ఎక్కడే? తర్వాత తీరిగ్గా విందాంలే అనుకున్నాను. ఈలోగా ఇవి మొరాయించాయి," అని చెవులు పట్టుకు చూపించాడు. "వీటికి స్పేర్ పార్టులు దొరకవట."

"ఏ చెవి నయం?"

"ఎడమది."

చెల్లెలు ఆ చెవి దగ్గర వంగి పాట ఎత్తుకుంది. పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. అది కాగానే అరపాట చెయ్యి బల్లమీద లేని మీట కోసం వెతకబోయింది. ఆమె పిండి చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. ఇవాళ ఒక్కసారి విన్నదే కదా, మూడో చరణంలో సగం మాటలు రాలేదు. రానిచోటల్లా లలలా అంటూ చివరిదాకా లాక్కొచ్చింది.

అరపాట కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"ఓసి దీని దుంపతెగ! రాగం మొదటి చరణానిదే! ఈ మాత్రం దానికా నేను ఇన్నేళ్ళూ మీట కాపలా కాసింది?" అన్నాడు.

తర్వాత చెవి ఇంకాస్త దగ్గరికి జరిపాడు. "ఇంకోసారి పాడు. ఈసారి ఆ లలలాలు కాస్త తగ్గించు."