రింగిట్ రేటు మారలేదని చెప్పాను

పాతికేళ్లు దాటింది. ఇన్నేళ్లూ ఈ సంగతిని మోస్తూనే ఉన్నాను. సరోజ నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఆమె నేనేదో మేలు చేసినట్టు నాకు దండం పెడుతూ వచ్చింది. "నువ్వు లేకుంటే నేను ఇంకా మోసపోతా ఉందును అక్కా" అనేది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది తమిళనాడులోని బోడినాయకనూరు. నా పెళ్లి మూడేళ్లకే తెగిపోయింది. ఆయన తేనిలో ఇంకొకరితో కాపురం పెట్టాడు. నేను అమ్మ దగ్గరికి వచ్చేసి, ఏలకులు ఎగుమతి చేసే ఒక వ్యాపారి ఆఫీసులో చేరాను. రోజూ పొద్దున ఇంగ్లీషు పేపర్లో వచ్చే విదేశీ డబ్బు రేట్లు కత్తిరించి, తేదీ వేసి, పొడుగాటి నోటుబుక్కులో అతికించడం నా పనుల్లో ఒకటి. పాత రేటు ఎవరికి కావాలన్నా నన్నే అడిగేవారు.

సరోజ మా పక్కింటి కోడలు. నాకన్నా నాలుగేళ్లు చిన్న. భర్త రంగసామి మలేషియాలో కట్టడం పనిలో ఉండేవాడు. నెలనెలా డబ్బు వచ్చేది, ఉత్తరం వచ్చేది. సరోజకు చదువు రాదు, నేనే చదివి వినిపించేదాన్ని. చిన్న ఉత్తరాలే. కానీ ప్రతిదాంట్లో ఆమె పేరు రెండు మూడు సార్లు ఉండేది. ఆ పేరు పైకి చదివేటప్పుడు నాకేమనిపించేదో అప్పట్లో నాకు నేనే ఒప్పుకోలేదు.

తొంభై ఏడులో తూర్పు దేశాల డబ్బు విలువ వరసగా పడిపోయింది. మలేషియా డబ్బు రింగిట్ కూడా పడింది. రంగసామి డబ్బు తగ్గుతూ వచ్చింది. జీతం అంతే, పంపేదీ అంతే, కానీ ఇక్కడి డబ్బుకు మన రూపాయలు తక్కువ వస్తున్నాయి అని రాశాడు. సరోజకు అర్థం కాలేదు. పొల్లాచ్చిలో కొబ్బరి వ్యాపారం చేసే ఆమె అన్న, వాడు అక్కడ ఇంకో సంసారం పెట్టుంటాడన్నాడు. ఆమె బ్యాంకు చీటీలన్నీ పట్టుకుని ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చింది.

"అక్కా, రేటు నీ పుస్తకంలో ఉంటాది గదా. ఈయన సెప్పేది నిజమా, అబద్దమా? సూసి సెప్పు."

నోటుబుక్కు తీశాను. ఆరు నెలల పేజీలు తిప్పాను. రింగిట్ విలువ దిగుతూనే ఉంది. దాదాపు మూడోవంతు పోయింది. చీటీల్లోని మొత్తాలతో సరిగ్గా సరిపోయింది. అతను ఒక్క రింగిట్ కూడా తగ్గించి పంపలేదు.

"ఏమి అక్కా, ఏముండాది?"

"రేటు మారలేదు సరోజా," అన్నాను.

"కొంచెం కూడానా?"

"అట్లనే ఉండాది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. "అయితే దుడ్డు యాడికి పోతా ఉండాది?"

చీటీలు మడిచి ఆమె చేతికిచ్చాను. మిగతాది నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

ఎందుకన్నాను? అంతకు వారం ముందు, అతను పంపిన రెండు చీరల్లో ఒకటి నా చేతిలో పెట్టి, "నీకెవరు తెస్తారక్కా, ఇది నువ్వు కట్టుకో" అంది. ప్రేమగానే అంది. అది గుచ్చుకుందా? అదొక్కటే అయితే నన్ను నేను కొంచెం క్షమించుకునేదాన్నేమో. మా వీధిలో మొగుడు వదిలేసిన ఆడది నేనొక్కతినే ఉండకూడదని అనుకున్నానా? అనుకున్నానేమో. నోటుబుక్కు మూసేటప్పుడు లోపల ఎక్కడో కాస్త హాయిగా ఉండింది. ఇది రాయడమే అన్నిటికన్నా కష్టంగా ఉంది.

పేజీ తప్పు చూశానని మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే అన్న వచ్చి సరోజనీ, మూడేళ్ల పాప దేవినీ పొల్లాచ్చి తీసుకుపోయాడు.

ఏడాదికి రంగసామి సెలవు పెట్టుకుని వచ్చాడు. సరోజ ముఖం చూపించలేదు. అతను మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. "నీ పుస్తకంలో రేటు సూసి ఒక్క మాట సెప్పితే సాలక్కా, నీ మాట నమ్ముతాది" అన్నాడు. పాత పుస్తకాలు పారేశామన్నాను. ఆ పుస్తకం అతని వెనక బీరువాలోనే ఉంది. మొదటిది ఒక్క క్షణంలో నోరు జారి చేసిన తప్పనుకుందాం. ఇది? దీనికి ఏడాది వ్యవధి ఉండింది నాకు.

అతను తిరిగి వెళ్లిపోయాడు. కొన్నేళ్లకు అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని తెలిసింది. దాంతో నేను మొదటినుంచీ నిజమే చెప్పినట్టయింది. సరోజ అన్న కొట్టంలో కొబ్బరికాయలు పగలగొట్టి దేవిని చదివించింది. ఇప్పుడు పాత రేట్లు ఎవరి ఫోన్లోనైనా దొరుకుతాయి. దేవి వెతుకుతుందేమోనని ఎన్నేళ్లు భయపడ్డానో! నన్ను పెద్దమ్మా అని పిలిచే ఆ పిల్ల వెతకలేదు. పెద్దమ్మ మాట ఉండగా వెతకడం ఎందుకు?

పోయిన నెల రంగసామి అక్కడే చనిపోయాడు. సరోజ ఫోను చేసి చెప్పింది. "నేను ఏడవలేదక్కా. నన్ను మోసం సేసినోడికి ఏమిటికి ఏడవాల? నువ్వు ఆ పొద్దే సెప్పినావు."

మర్నాడు బస్సెక్కి పొల్లాచ్చి వెళ్లాను. వాకిట్లో నిలబడే చెప్పాను. రేటు, పుస్తకం, బీరువా, అన్నీ. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

ఆమె ఒక్కటే అడిగింది. "ఆయన రాసిందంతా నిజమేనా?"

"నిజమే."

"ఆ కాగితాలన్నీ కాల్చేస్తిని అక్కా."

అంతే అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి ఏడుపు వినిపించింది. దేవి వచ్చి, "మీరు పోండి" అంది. పెద్దమ్మా అనలేదు.

ఆ తర్వాత ఫోను రాలేదు. రాదు కూడా. క్షమించమని నేను అడగలేదు, అడిగే మాట కాదది. అయినా ఆ తలుపు ముందు నిలబడి, ఆమె భర్త కోసం ఆమె ఏడుస్తుంటే విన్నాను. ఆ ఏడుపు ఇన్నేళ్లూ ఆమెకు దక్కకుండా చేసింది నేను. ఇప్పుడు ఆ మాట ఆమెకు తెలుసు, నాకు తెలుసు, మీకు తెలుసు.