చెవిలో హోరు తగ్గిన రోజు

సోమవారం పొద్దున్న బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఇంజిను మీంచి పడి మా మావయ్య పోయారు. కాలు జారిందంటున్నారు. కాలు జారలేదు. నాకు తెలుసు.

నన్ను పెంచింది ఆయనే. బాయిలరు మేస్త్రీ. ఇరవై ఏళ్లు ఆ ఇనప పొట్టలో కూర్చుని రివెట్లు కొట్టారు. చెవుల్లో కీచురాళ్లు కాపరం పెట్టాయి. రెండేళ్ల కింద ఇంకొకటి తోడైంది. తల ఎత్తినా, పక్కమీద ఒత్తిగిలినా లోకం గిర్రున తిరిగేది. రైలు కంపెనీ డాక్టరుకు చెబితే అన్‌ఫిట్ అని రాస్తాడు, ఉద్యోగమూ క్వార్టరూ పోతాయి. అందుకని గోడకు చేరబడి కూర్చునే నిద్రపోయేవారు. గోల్ బజార్‌లో మేడ మీంచి ఎవరైనా పిలిస్తే పైకి చూడకుండా చెయ్యి ఊపేవారు.

"ఏటి మేస్త్రీ, అంత గీరా?"

"గీర కాదురా, మెడ కంపెనీవోడిది!"

నేను పోస్టులో కరపత్రాలు తెప్పించుకునేవాణ్ని. "సదవరా" అంటూ ఎదురుగా కూర్చునేవారు. సగం వినపడకపోయినా నా పెదవులు చూస్తూ తల ఊపేవారు. ఒక కరపత్రంలో చెవి హోరూ తలతిరుగుడూ ఒకటే రోగమనీ, వెల్లుల్లి కాచిన నూనె వేస్తే రెండూ పోతాయనీ ఉంది.

"కాదురా అల్లుడా," అన్నారు. "హోరు రోజంతా ఉంటాది. తిరుగుడు తల ఎత్తితేనే వస్తాది. దాని దారి వేరు."

"అచ్చులో ఉన్నది అబద్ధమా మావయ్యా!" అని అరిచాను.

అక్షరం రాని మనిషి. చెవి నాకు అప్పగించారు.

పదిరోజులు నూనె వేశాను. ఆదివారం సాయంత్రం పసివాడిలా నవ్వారు. "అచ్ఛా! సగం తగ్గిందిరా. పిచ్చుకలు ఇనపడతన్నాయి."

"అయితే తిరుగుడూ పోయినట్టే" అన్నాను. నమ్మేశారు.

మర్నాడు షెడ్డులో పక్కనున్న ఫిట్టరు చూశాడు. "కప్పు మీద పిచ్చుకలు అరిసినాయి బాబూ. నవ్వుతా తలెత్తీసినాడు. అంతే."

చదువరులారా, నెమ్మదిగా బతకనిచ్చి ఉంటే బతికేవారు. కంపెనీని తిడుతూ ఒక కాగితం రాద్దామని కూర్చున్నాను. తిట్టవలసిన చెయ్యి నాదే.

నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. తర్వాత వచ్చేవాళ్లు సున్నం కొడతారు. గోడ మీద ఆయన తల ఆనినచోట నూనె మరక ఉంది. నిన్న కూడా అత్తయ్య దాని కింద దుప్పటి పరిచి, దిండు గోడకు నిలబెట్టింది.