మా ఆమె పేరు విరగొద్దు

ఈ రోజు మనవరాలి పెండ్లి పత్రిక అచ్చు వేయించడానికి నల్లగొండ పోయాను. ఇప్పుడంతా కంప్యూటరే. తెర మీద పైవరుసలో నా పేరు నిండుగా ఉంది. దాని పక్కన నా భార్య వెంకటనర్సమ్మ పేరు మాత్రం విరిగి, చివరి ‘మ్మ’ ఒక్కటే కింది వరుసలో పడింది. ఆమె పేరు అచ్చు కావడం ఇదే మొదలు.

“గట్లెందుకు ఇరిగింది?” అని అడిగాను.

“వరుస నిండితే మిషనే ఇరుస్తది తాతా. అక్షరాలు చిన్నగ చేస్తే ముసలోళ్లకు కనపడయి. ఉత్త నర్సమ్మ అని పెట్టాల్నా?” అన్నాడు దుకాణం అతను.

నాకు మాటలు తక్కువ. అయినా కుర్చీలోంచి లేవలేదు.

“ఆమెది ముట్టకు. నా పేరు తీసెయ్యి, జాగా అయితది.”

“ఇంటి పెద్ద పేరు లేకుంటే మంది నవ్వరా?”

“ఇంటింటికి పంచేది నేనే గద. నన్ను చూస్తే తెల్వదా?”

అతను తల గోక్కుంటూ నా పేరు తీసేశాడు. ఆమె పేరు ఒక్క వరుసలో నిండుగా కూర్చుంది.

రేపటి నుంచి పత్రికలు పంచుతాను. నవ్వదలచుకున్నవాళ్లు నా ముఖం మీదే నవ్వండి. పెండ్లికి మాత్రం రండి.