భయపడుతూనే మందిచ్చిన మా డాక్టరమ్మ

మా ఆయుర్వేదం డాక్టరమ్మ మొన్న గురువారం పొద్దున పోయారు. చిక్కడపల్లి సందులో ఆమె ఇంటి ముందుగదే ఆస్పత్రి. అక్కడ మందు తిని బాగుపడినవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు, అందరికీ కబురు అంది ఉండదు. నాకైనా కూరగాయల బండామె చెబితేనే తెలిసింది. "మీ డాక్టరమ్మ లేదంట గద అక్కా" అంది తూకం వేస్తూనే. నాకు వెంటనే ఏడుపు రాలేదు, భయం వేసింది. ఇక మా తరఫున భయపడే మనిషి లేదు కదా అనిపించింది.

పోయినవాళ్ళను ధైర్యవంతులని రాయడం ఆనవాయితీ. ఆమె గురించి అట్లా రాస్తే పైనుంచి ఆమే నవ్వుతారు. అంత పిరికి మనిషిని నేను మా బస్తీలో చూడలేదు. నారాయణగూడ చౌరస్తా దాటాలంటే పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి పట్టుకునేవారు, ముక్కూ మొహం తెలియకపోయినా సరే. గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకునేవారు. మేం ఆటపట్టిస్తే ఒకటే మాట: "భయం లేనోడు ఏ పనన్న జేయనీ, మందు మాత్రం ఇయ్యొద్దు."

ఆమెకో పద్ధతి ఉండేది. కొత్తగా ఏ చూర్ణం నూరినా ముందు తను తినాలి. అది తన ఒంట్లో ఏం చేస్తుందో చూసుకున్నాకే రోగికి పెట్టాలి. మామూలు చూర్ణాలైతే చేదుకు మొహం చిట్లించడంతో సరిపోయేది. ఒక్క మందుకు మాత్రం ఆ రోజు ఆస్పత్రి మూసేసి, తోడుగా ఎవరో ఒక ఆడమనిషిని కూర్చోబెట్టుకునేవారు. అందులో శొంఠి, జీలకర్రతో పాటు భంగు ఆకు ఉండేది. మా అక్క ఆ మందు మొదలుపెట్టాక తోడు కూర్చునే పని నాకు పడింది.

ఇది చాలా ఏళ్ళ కిందటి మాట. అక్కది అశోక్‌నగర్. కడుపులో క్యాన్సర్. పెద్దాస్పత్రిలో క్యాన్సర్ ఇంజక్షన్ పెట్టించుకుని వచ్చిందంటే చాలు, మంచినీళ్ళు కూడా నిలిచేవి కావు. గాజులు మోచేతి దాకా జారేవి. రోగం కంటే ముందు ఆకలే చంపేస్తుందని మా అందరికీ లోపల వణుకు. డాక్టరమ్మ మందు పడ్డాక అక్క రెండు పూటలా నాలుగు ముద్దలు తినడం మొదలుపెట్టింది. పెద్దాస్పత్రి డాక్టరుకు చెబితే, "తింటోంది కదా, తిననివ్వండి. నేను మాత్రం కాగితం మీద రాయలేను" అన్నాడు.

రాయడానికి ఆయన భయం ఆయనది. ఒకటే మొక్క. దాని పూత గంజాయి, దగ్గరుంటే జైలు. ఆకు భంగు, సర్కారు లైసెన్సు ఉంటే మందులో వాడుకోవచ్చు. డాక్టరమ్మ లైసెన్సును ఫ్రేము కట్టించి దేవుడి పటాల పక్కనే తగిలించుకున్నారు. అయినా గుండె దడ తగ్గలేదు. "ఆకుకు, పూతకు ఫరక్ చట్టానికి ఎర్కనే. ఇంటికొచ్చే జవానుకు ఎర్కనా?" అనేవారు.

అప్పుడే అమెరికాలో ఒక రాష్ట్రంలో జనం ఓట్లేసి గంజాయిని మందుగా ఒప్పుకున్నారని పేపర్లో వచ్చింది. మన దగ్గరా ఒప్పుకోవాలా వద్దా అని చిక్కడపల్లిలో ఒక హాల్లో చర్చ పెట్టారు. డాక్టరమ్మ, నేను వెనక వరసలో కూర్చున్నాం. ఒక వకీలు మందుల్లో చేర్చి తీరాలన్నాడు. ఒక డాక్టరు, చేరిస్తే కాలేజీ పిల్లలు ఆగమైపోతారన్నాడు. ఇద్దరూ అరుచుకుంటుంటే ఎవరో డాక్టరమ్మను గుర్తుపట్టి మీరూ చెప్పండన్నారు. ఆమె లేచి ముందు కుర్చీని గట్టిగా పట్టుకున్నారు.

"నాకు రెండు భయాలున్నయి. మందు కాదంటే నా పేషెంటు అన్నం తినకుంట పోతది. మందే అంటే రేపు గల్లీకొకడు పొట్లాలు గట్టి అమ్ముతడు. ఇందుల మీరు ఏ భయం తీసేస్తరో చెప్పుండ్రి. రెండోది నేను పడ్త."

అధ్యక్షులవారు అందరికీ టీ తెమ్మన్నారు.

ఆ మాటను ఎవరు ఎక్కడికి మోశారో తెలియదు. కొన్నాళ్ళకు ఆమె భంగు మందు కొత్తగా నూరి, రుచి చూసి, నన్ను తోడు పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. ఆ ఆకు కొందరిని నవ్విస్తుందట. ఈమెకు మాత్రం ఉన్న భయాన్నే పెంచేది. వీధిలో చప్పుడైతే చాలు, "జీపొచ్చింది" అనేవారు. "ఆటో డాక్టరమ్మా" అనేదాన్ని. "మరిది?" "అది కూడా ఆటోనే." మూడోసారి నేను చూడకుండానే ఆటో అన్నాను. అది జీపే.

మద్యనిషేధం రోజులవి. ఎక్సైజు వాళ్ళు సారా కోసం ఇళ్ళల్లో జొరబడుతున్న కాలం. ఇన్‌స్పెక్టరు, వెనక ఒక జవాను లోపలికి వచ్చారు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే అడిగాడు.

"ఈ సీసల ఏమున్నదమ్మా?"

"భంగు ఆకు గలిపిన చూర్ణం సార్. లైసెన్సు గోడకున్నది."

అతను చదువుకున్నాడు, తలూపాడు. వెళ్ళిపోతాడనే అనుకున్నాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "కండ్లెందుకు గట్ల ఎర్రగున్నయి?" అన్నాడు.

"జరమొచ్చింది సార్ ఆమెకు" అన్నాను నేను గబుక్కున.

"జరం కాదు సార్," అన్నారు డాక్టరమ్మ. "పొద్దున్నే నూరిన. నేను తిని చూడంది పేషెంటుకు పెట్ట."

అతను మళ్ళీ లోపలికి అడుగుపెట్టాడు. "తింటే ఎట్లయితది?"

"ఇట్లయితది. మీ బూట్ల సప్పుడు నా గుండెలల్ల ఇనవడ్తున్నది."

జవాను నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "ఉత్త ఆకుతోని గింత నిషా ఎక్కదమ్మా. పూత గలిసిందేమో. ల్యాబుకు పంపాలె" అన్నాడు. రిపోర్టు వచ్చేదాకా ఆ మందు మళ్ళీ నూరొద్దని చెప్పి, సీసాకు గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, నారాయణగూడ ఆఫీసుకు పట్టుకుపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. హరిశ్చంద్రుడి చెల్లెలా ఈమె? జ్వరమంటే ఏం పోయేది? ఆ మాటే అనేశాను. ఆమె మంచం కోడు పట్టుకుని, "అధికారికి అబద్ధం జెప్పినదాన్ని, నీకు జెప్పనని ఏం నమ్మకం? రేపు నా చేతిమందు మీ అక్కకు ఎట్ల పెడ్తవు?" అన్నారు. అప్పుడు ఆ మాట నాకు ఎక్కలేదు. ఆకలితో ఉన్నది మా అక్క.

మందు లేదు, మళ్ళీ వాంతులు మొదలయ్యాయి. దగ్గర్లోనే మళ్ళీ ఇంజక్షన్ ఉంది. బావ ఆగలేక కాచిగూడ స్టేషన్ వైపు వెళ్ళి, ఒక పొట్లం జేబులో పెట్టుకుని వచ్చాడు. అడగ్గానే ఇచ్చారట. లైసెన్సున్న మందుకు సీలు పడింది, లేనిది బఠానీల్లా దొరికింది. డాక్టరమ్మను పిలిపించి, ఎంత మోతాదు పెట్టాలో చెప్పమన్నాడు. ఆమె విప్పి వాసన చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఇది పూత. ఎవడు పండిచ్చిండో, ఏం గలిపిండో నాకు తెల్వది. నేను పెట్ట బిడ్డా."

"పోలీసోళ్ళకు భయపడ్తున్నరు మీరు" అన్నాడు బావ.

"భయపడ్త. అబద్ధమెందుకు? దీనికి అంతకన్న ఎక్కువ భయపడ్త."

బావ ఆ పొట్లాన్ని దొడ్లో పారబోసి నీళ్ళు కొట్టేదాకా ఆమె అక్కడే నిలబడ్డారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "రేపు నా తోటి ఆ ఆఫీసుకు రా. ఒక్కదాన్నే పోలేను" అన్నారు.

పోలీసు స్టేషన్ కనిపిస్తే అవతలి ఫుట్‌పాత్‌కు మారే మనిషి, రోజూ ఎక్సైజు ఆఫీసు బల్ల మీద పొద్దున్నుంచి కూర్చున్నారు. జవాను ఎదురుగా నడిచినప్పుడల్లా కాళ్ళు బల్ల కిందకు లాక్కునేవారు. నా చెయ్యి వదిలేవారు కాదు. రిపోర్టు రాలేదు పొమ్మంటే, "కూసుంట సార్" అనేవారు. తెచ్చుకున్న టిఫిన్ డబ్బా మూత తీసేవారు కాదు. చివరికి ఇన్‌స్పెక్టరే బయటికి వచ్చాడు.

"రోజొస్తున్నరేందమ్మా? కేసు పెడ్తమని భయమా?"

"భయమే సార్. ఎల్లుండి నా పేషెంటు పిల్లకు ఇంజక్షను. సీస మీ తాన ఉన్నది."

అతను లోపలికి వెళ్ళి ల్యాబుకు ఫోను చేశాడు. సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. ఉత్త ఆకే. సీసా చేతికిస్తూ, "ఇగనుంచైనా తిని చూసుడు బంద్ జెయ్యుండ్రి" అన్నాడు. "గా మాట మాత్రం ఇయ్యలేను సార్" అన్నారు డాక్టరమ్మ, రెండు చేతులూ జోడించి.

సీసా ఆఫీసులో సీలుతోనే ఉంది కదా, నేరుగా అక్కకు పెడతారనుకున్నాను. ఒప్పుకోలేదు. ఇన్ని రోజులు తన కళ్ళ ముందు లేదట. మర్నాడు పొద్దున అక్క ఇంట్లోనే, అక్క మంచం పక్కనే కూర్చుని తను తిన్నారు. ఎండెక్కేసరికి చెమటలు, దడ. మంచం దిగలేని అక్క గోడకు ఆనుకుని కూర్చుని, ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, పేపరుతో విసిరింది. చాలా నెలలుగా అందరి చేతా సేవ చేయించుకున్న మనిషి. ఆ రోజు తన మొహంలో పాత అక్క కనిపించి నేను పక్కగదిలోకి వెళ్ళి ఏడ్చాను.

"ఇంత భయమైతదని ఎర్కుండి ఎందుకు తింటరు డాక్టరమ్మా?" అక్క అడగడం వినిపించింది.

"రేపు నీకు భయమైతే, అది మందు తెచ్చిన భయమా, రోగం తెచ్చిన భయమా, నాకు తెలవాలె గద బిడ్డా."

అక్క ఆ తర్వాత ఒక ఎండాకాలం, ఒక వానాకాలం మాతో ఉంది. ఉన్నన్నాళ్ళూ అన్నం తింది. దానికి డాక్టరమ్మకు మేం ఏమిచ్చుకున్నా తక్కువే. గంజాయి మందా కాదా అని ఇప్పటికీ ఎవరైనా వాదించుకుంటుంటే నాకు వకీలు గుర్తురాడు, డాక్టరు గుర్తురాడు. ఇంజక్షన్ మర్నాటి మధ్యాహ్నం గుర్తొస్తుంది. అక్క చూర్ణం వేసుకుని కాసేపు ఆగింది. నేను చారన్నం కలిపి ముద్ద పెట్టాను. డాక్టరమ్మ ఎదురుగా పీట మీద కూర్చుని, రెప్ప వేయకుండా అక్క గొంతునే చూస్తున్నారు. అక్క ముద్ద మింగింది. నోట్లో ఏమీ లేకపోయినా, ఆమె కూడా గుటక వేశారు.