వెనకాల టీవీ ఉన్న కెమెరా

ఈశ్వరప్పకు ఊరంతా స్నేహితులే. శత్రువంటూ ఉన్నది ఒక్కడే. ఆ ఒక్కడికీ తాను శత్రువునన్న సంగతి తెలియదు, ఈశ్వరప్పను సొంత అన్నలా చూసుకుంటాడు. అదే వచ్చిన చిక్కు. తిట్టేవాణ్ని తిరిగి తిట్టొచ్చు, పోటీకొచ్చేవాడితో తేల్చుకోవచ్చు. కనబడినప్పుడల్లా "అన్నా, తిన్న్యావా?" అని అడిగేవాణ్ని ఏం చేసుకోవాలి?

ఆ శత్రువు పేరు వెంకటముని. కుప్పంలో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. ఈశ్వరప్ప స్టూడియో పుంగనూరులో. ఇద్దరూ పని నేర్చుకున్నది మాత్రం మదనపల్లెలో, ఒకే గురువు దగ్గర. ఈశ్వరప్పది వాయల్పాడు పక్క పల్లె. వానొస్తే వేరుశనగ, రాకపోతే మేఘాలు చూస్తూ కూర్చోవడం. ఇంటర్ రెండుసార్లు తప్పాక, ఇక చదువుకూ తనకూ పొసగదని తేల్చుకుని 1991లో ఆ గురువు స్టూడియోలో చేరాడు. మరుసటి ఏడు వెంకటముని వచ్చాడు. వాడంతటి మొద్దును ఆ స్టూడియో అంతకు ముందు చూడలేదు. మనుషుల తలలు తెగ్గోసి కాళ్లకు మాత్రం చోటిచ్చేవాడు. ఒకసారి కెమెరాలో ఫిల్మ్ రోలు వేయకుండానే సీమంతమంతా తీసుకొచ్చాడు. గురువు చెయ్యెత్తితే అడ్డంపడి కాపాడింది ఈశ్వరప్పే. కెమెరా ఎట్లా పట్టుకోవాలో చేతిలో చెయ్యేసి చూపించిందీ ఈశ్వరప్పే. ఈ మాట ఈశ్వరప్ప ఎప్పుడూ మరిచిపోడు. ఎవరైనా మరిచిపోతే గుర్తు చేస్తాడు కూడా.

ఈశ్వరప్పకు ఒక పేరుంది. తాళి కట్టే ఫోటో ఆయన చేతిలో తప్పదు. దానికి ఆయనకో లెక్క ఉంది. మొదటి ముడికి పెండ్లికొడుకు చేతులు వణుకుతాయి, మూడో ముడికి అక్షింతలు మొహాలను కప్పేస్తాయి, కాబట్టి రెండో ముడికి నొక్కాలి. గట్టిమేళం మొదలైందంటే ఈశ్వరప్ప ఊపిరి బిగబట్టేవాడు. పక్కన ఇల్లు కూలినా కన్ను కెమెరా మీంచి తీసేవాడు కాదు. పన్నెండు పదమూడేళ్లలో ఎన్ని పెండ్లిళ్లు చేశాడో ఆయనకే తెలియదు గానీ, తాళి ఫోటో పడని పెండ్లి ఒక్కటీ లేదు. "ఈశ్వరప్పను పిల్చుకుంటే తాళి ఫోటోకు దిగుల్లేదప్పా" అనేవాళ్లు పల్లెల్లో. ఆయన ఆస్తల్లా ఆ మాటే.

2004 మాఘమాసంలో పెద్దపంజాణిలో ఒక పెండ్లి. ఆడపెండ్లివాళ్ల తరఫున ఈశ్వరప్ప, మగపెండ్లివాళ్ల తరఫున వెంకటముని. మా పక్క పెండ్లిళ్లలో ఎవరి ఫోటోగ్రాఫరు వాళ్లకుంటాడు, ఎవరి ఆల్బం వాళ్లది. ఈశ్వరప్ప పెద్దరికంగా తన పాత కెమెరా మెడలో వేసుకుని మండపమెక్కాడు. ఎదురుగా వెంకటముని చేతిలో ఏదో కొత్తది, నల్లగా నిగనిగలాడుతూ.

"బెంగుళూరులో తీసుకొన్న్యానన్నా, డిజిటల్. రోలు లేదు, కడిగేది లేదు. ఇదో, వెనకాల సూడు."

వెనకాల అగ్గిపెట్టెంత తెర. అందులో ఇప్పుడే తీసిన పెండ్లికూతురు మేనత్త పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. ఈశ్వరప్ప "బాగుండాది" అన్నాడు.

ఆ తర్వాత ఆ పెండ్లిలో ఈశ్వరప్పను పట్టించుకున్నవాడు లేడు. పిలకాయలు, ముసలివాళ్లు, వంటవాళ్లు సైతం "వెనకాల టీవీ ఉన్న కెమెరా" చుట్టూ మూగారు. ఫ్లాష్ మెరవగానే "ఏదీ, ఏదీ" అంటూ వెంకటముని మీద పడ్డారు. వాడు విసుక్కోకుండా ప్రతివాడికీ చూపించాడు. ఒక ముసలమ్మ ఫోటోలో కళ్లు మూసుకుని పడింది. "అవ్వా, నిద్రపోతాండావు. లెయ్, ఇంగొకటి తీస్తా" అన్నాడు. అందరూ నవ్వారు, అవ్వ కూడా నవ్వింది, రెండో ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

ఈశ్వరప్ప కడుపు మండింది అక్కడే. కెమెరా మెరుపు చూసి కాదు, జనం మూగినందుకూ కాదు. తన తప్పు తనకు వారానికి గానీ తెలియదు, రోలు కడిగాక, ముహూర్తం దాటిపోయాక, ఏమీ చేయలేనప్పుడు. వాడి తప్పు వాడికి అప్పటికప్పుడే తెలుస్తోంది, అప్పటికప్పుడే దిద్దుకుంటున్నాడు. తలలు తెగ్గోసిన మొద్దుకు దేవుడిచ్చిన వరం చూడండి! తప్పులే చేయని ఈశ్వరప్పకేమో ఈ బరువైన ఇనుప డబ్బా. ఆ రోజు పెండ్లి భోజనంలో ఆయనకు పాయసం కూడా చేదుగానే తగిలింది.

ఇంట్లో భార్య సుశీలమ్మ దగ్గర ఏడాదిన్నర పాటు అదే పాట. డిజిటల్ ఫోటో ఫోటోనే కాదన్నాడు. రంగు వెలిసిపోతుందన్నాడు, కరెంటు పోతే బొమ్మలు కూడా పోతాయన్నాడు. సుశీలమ్మ చింతపండు పిసుకుతూ విని విని, "నీకూ ఒకటి కావాలని నోరు తెరిసి చెప్పరాదా? యాల ఇంత గోల?" అంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు పెద్దలు.

2005 శ్రావణంలో కొన్నాడు. వెంకటముని కెమెరాకు అయిదు మెగాపిక్సెళ్లయితే దీనికి ఆరు. ఆ ఒక్క మెగాపిక్సెల్ కోసం బెంగుళూరులో మూడు అంగళ్లు తిరిగాడు. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి గంటసేపు చుట్టూ తిరిగాడు. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు, పిట్టను పట్టుకున్నట్టుంది. నొక్కగానే కుడిచేతి బొటనవేలు అలవాటుగా రోలు జరిపే లివర్ తిప్పడానికి పోయేది, అక్కడ లివరే లేదు. వేలు ఊరికే గాలిలో తిరిగి సిగ్గుపడి వెనక్కొచ్చేది. ముప్పై ఆరు తీయగానే రోలు అయిపోయిందని గుండె జల్లుమనేది. దొడ్లో కోడిపుంజును నూటపది ఫోటోలు తీశాడు. నూటపదీ చూశాడు. ఎంత చూసినా ఆకలి తీరలేదు. తీయడం కంటే తీసింది చూసుకోవడంలో ఎక్కువ మజా ఉందని మొదటి రోజే తెలిసింది. పదమూడేళ్లుగా నమ్మకం మీద బతికిన మనిషి, ఒక్కసారిగా రుజువు దొరికేసరికి దానికి బానిసయ్యాడు.

ఇక ఉండబట్టలేక కుప్పానికి ఫోను చేశాడు.

"మునీ, నేనూ తీసుకొన్న్యా. ఆరు మెగాపిక్సెల్."

"అబ్బ! బలే పని చేసినావన్నా! నాదానికంటే మంచిది. నువ్వు పాతదాన్తోనే అట్ల తీస్తాంటివి, ఇంగ ఈ కెమెరా చేతికొస్తే మేమంతా అంగడి మూసుకోవాల్సిందే."

వాడు నిజంగానే సంతోషపడ్డాడు. పుండు మీద కారం చల్లినట్టయింది ఈశ్వరప్పకు. వాడు కుళ్లుకుంటే వినాలని చేసిన ఫోను అది.

ఆ మార్గశిరంలో మునెప్ప పెద్దకూతురు లక్ష్మీప్రియ పెండ్లి. మునెప్ప పుంగనూరు పక్క పల్లెలో రైతు, టమోటా వేస్తాడు, ఈశ్వరప్పను పిలవకుండా ఇంట్లో చెవులు కుట్టించుకున్నవాడు కూడా లేడు. అబ్బాయిది కుప్పం. అంటే మగపెండ్లివాళ్ల తరఫున ఎవరొచ్చారో చెప్పనక్కర్లేదు.

ఈశ్వరప్ప ఆ రోజు ఒళ్లు మరిచి పనిచేశాడు. ఒక్కో ఫోటో తీయడం, తల దించి చూసుకోవడం. ఎదురుగా వెంకటముని కూడా అదే తీసి ఉంటాడు. వాడిది బాగా పడిందా, తనదా? జీలకర్ర బెల్లం ఫోటో తీశాడు. తెర మీద చూసుకున్నాడు. పెండ్లికూతురు నెత్తి మీద చెయ్యి, అరమూసిన కళ్లు, మల్లెలు. అద్భుతంగా ఉంది. మీట నొక్కి పెద్దది చేసి కనురెప్పల వరకు చూశాడు. కుప్పం మొద్దు ఏడు జన్మలెత్తినా ఇట్లాంటిది తీయలేడనుకున్నాడు. మళ్లీ చూశాడు. ఏదో పెద్దగా మోగుతోంది చుట్టూ. తలెత్తేసరికి అక్షింతలు రాలుతున్నాయి.

మూడో ముడి కూడా పడిపోయింది.

ఈశ్వరప్ప గబుక్కున కెమెరా కంటికెత్తాడు. చేతులు వాటంతటవే నాలుగైదు నొక్కాయి. వాటిలో పడినవి బియ్యపు గింజలు, పురోహితుడి వీపు. "ఇంగోసారి" అని అడుగుదామంటే తాళి కట్టడం అవ్వ నవ్వడం లాంటిది కాదు గదా. తప్పు అప్పటికప్పుడే తెలిసింది. తెలిసి చేసేదేమీ లేదు.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట వెంకటమునిని పట్టుకున్నాడు. ఇటు చూసి అటు చూసి అడిగాడు.

"మునీ... తాళి కట్టేది నీ దాంట్లో ఎట్ల పడింది?"

వెంకటముని చూపించాడు. అంత చిన్న తెర మీద కూడా ఆ ఫోటో వెలుగుతోంది. సరిగ్గా రెండో ముడి. ఈశ్వరప్ప నేర్పిన లెక్కే. వెంకటముని ఆయన మొహంలోకి ఒక క్షణం చూసి, "సీడీలో ఏసి మదనపల్లె బస్సు కండక్టరు చేత పంపిస్తాన్లే అన్నా. తిన్న్యావా నువ్వు?" అన్నాడు. నీ దాంట్లో ఏమైందని మాత్రం అడగలేదు. అడిగి నవ్వి ఉంటే ఈశ్వరప్ప ప్రాణం కుదుటపడేది.

సీడీ వచ్చింది. కంప్యూటర్లో పెద్దగా చూస్తే గానీ కనబడలేదు, ఫోటో కుడి అంచున తానున్నాడు. ఈశ్వరప్ప గబగబా ఆ అంచు కత్తిరించేశాడు. మిగిలినదాన్ని తన ఆల్బంలో నడిమి పేజీలో పెట్టి మునెప్పకు ఇచ్చాడు. సొమ్మొకడిది, సోకొకడిది. మునెప్ప ఇంటిల్లిపాదీ ఆ ఒక్క ఫోటో దగ్గరే ఆగిపోయారు. మునెప్ప భార్య చెంగమ్మ కళ్లు తుడుచుకుని, "నీ చెయ్యి సల్లగుండనప్పా" అంది. ఈశ్వరప్ప తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అసలు విషయం తెలియని సుశీలమ్మ దాన్నే పెద్దది చేయించి స్టూడియో ముందు అద్దాల పెట్టెలో పెట్టించింది. వచ్చేవాళ్లంతా "మాకూ ఇట్లాంటిది కావాల" అని దాన్ని చూపించేవాళ్లు. తన అంగట్లో, తన పేరు కింద, తనకు గిరాకీ తెచ్చిపెడుతూ కూర్చున్నది వెంకటముని ఫోటో! రోజూ పొద్దున షట్టరెత్తగానే మొదట దాన్నే చూడాలి. తీసేస్తే ఎందుకు తీశావంటారు. ఉంచితే రోజంతా మంట. రెండేళ్లు అట్లాగే కాలిపోయాడు.

2007 చివర్లో ఒక మధ్యాహ్నం లక్ష్మీప్రియ, చెల్లెలు హరితను వెంటబెట్టుకుని స్టూడియోకొచ్చింది. హరితకు పెండ్లి కుదిరింది. ఏయే ఫోటోలు కావాలో చూపించడానికి లక్ష్మీప్రియ కుప్పం నుంచి తన అత్తవారింటి ఆల్బం కూడా తెచ్చింది.

"అన్నా, నీ ఆల్బంలో ఉండేదే ఈ దాంట్లో కూడా ఉండాది, సూడు" అంటూ ఒక పేజీ తీసి బల్ల మీద పరిచింది.

కత్తిరించని ఫోటో. పెండ్లికొడుకు చేతులు, తల వంచిన లక్ష్మీప్రియ, చుట్టూ పాతిక ముప్పై మంది. పురోహితుడు, మునెప్ప, చెంగమ్మ, మేళగాళ్లు, చంకనెక్కిన పసిపిల్లలు, అందరి కళ్లూ ఆ ముడి మీదే ఉన్నాయి. కుడి పక్కన ఒక్క మనిషి మాత్రం తల దించుకుని, చేతిలో కెమెరా వెనక తెరను చూసుకుంటూ, పెదవుల మీద చిన్న నవ్వుతో నిలబడి ఉన్నాడు. ఈశ్వరప్పకు మొదట సిగ్గు కూడా కలగలేదు. అంతమంది గుంపులోనూ తన మొహం మీద వెలుతురు ఎంత కుదురుగా పడిందో, నవ్వు ఎంత బాగా దొరికిందో, అదే చూశాడు. ఎంత బాగా తీశాడు వీడు, అనుకున్నాడు. ఆ తర్వాత సిగ్గు ముంచుకొచ్చింది.

"మాకు ఆ పొద్దే తెలుసన్నా" అంది లక్ష్మీప్రియ మెల్లగా. "రెండు ఆల్బాలూ పక్కపక్కన పెట్టుకుని సూస్తిమి. మా నాయన, ఈశ్వరప్ప మనసు నొచ్చుకుంటాడు, ఎవురూ అడగద్దండి అనె. నాకు మాత్రం అడగాలని ఉండాది. అందురూ నన్ను సూస్తాంటే నువ్వొక్కడివే యాడ సూస్తాంటివన్నా?"

సుశీలమ్మ లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈశ్వరప్ప నోటికి అబద్ధమేదీ అందలేదు.

"వెంకటముని కంటే బాగా తీసినానా లేదా అని సూసుకుంటాంటినమ్మా" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. హరిత ఆల్బం మూసింది. లక్ష్మీప్రియే, "మా హరిత పెండ్లికి నువ్వే రావాలన్నా. తాళి కట్టేటప్పుడు మాత్రం రవ్వంత తలెత్తుకోనుండు" అంది.

ఈశ్వరప్ప తలూపాడు. వాళ్లు చెప్పులు వేసుకుంటుంటే వెనకే వీధిలోకి వచ్చాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు.

"అబ్బోడిది యా ఊరమ్మా? వెంకటముని గానీ వస్తాండాడా?"

"మదనపల్లెన్నా. ఆయన్ను ఎవురూ పిల్చలేదు."

ఈశ్వరప్ప మొహం వికసించింది, దాచుకుందామన్నా దాగలేదు.

"అయితే నేను తల దించన్లేమ్మా" అన్నాడు.