ఏంజెల్ చేప ఇగురు

మా ఇంట్లోని ఏంజెల్ చేపను మచిలీపట్నం సముద్రంలో నేనే పట్టానని చాలామందికి చెప్పాను. జానెడు పొడవుందని కూడా చెప్పాను. అది బెంజ్ సర్కిల్ దగ్గర సందులో ఒక కొట్లో కొన్నది. వేలెడంతైనా లేదు. మరుగుజ్జు రకం, అంతకన్నా పెరగదు. ఒళ్ళు ముదురు నీలం, పక్కలు నారింజ. ఆ రంగుల గురించి మాత్రం అబద్ధమాడే అవసరం రాలేదు.

దానికి సముద్రపు నీళ్ళే కావాలి. ప్రత్యేకమైన ఉప్పు కలిపి ఇంట్లోనే తయారు చేసుకోవాలి. ఉప్పు చూసుకోమని కొట్టతను ఒక పరికరమిచ్చాడు. దాన్ని బీరువాలో పడేసి, వేలు ముంచి నాలుక మీద రాసుకునేవాణ్ణి. "రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగినవాణ్ణి, నాకు మీటర్లెందుకండీ?" అనేవాణ్ణి వచ్చినవాళ్ళతో. మాకు చెరువుల్లేవు. మా నాన్న బడిపంతులు.

రోహిణి కార్తెలో నీళ్ళు వేడెక్కకుండా తొట్టి మీదికి టేబుల్ ఫ్యాను తిప్పాను. నీళ్ళు చల్లబడ్డాయి గానీ రోజుకో మగ్గెడు తగ్గాయి.

"తగ్గితే నీళ్ళు పొయ్యండి సార్" అన్నాడు కొట్టతను ఫోన్లో.

సముద్రం చేప కదా అని రోజూ మగ్గెడు ఉప్పునీళ్ళు పోశాను. మూడోవారానికి చేప రాళ్ళమీద పాచి గీక్కుతినడం మానేసింది. రాతి సందులో ఒరిగిపోయి మొప్పలు గబగబా ఆడిస్తోంది. చచ్చిపోతుందని తెలిసిపోయింది. ఇంట్లో మాత్రం "రెస్టు తీసుకుంటోంది" అన్నాను.

మా ఆవిడ గరిటె పట్టుకునే వచ్చి చూసింది.

"రోజూ ఏం పోస్తున్నారండీ ఇందులో?"

"ఉప్పునీళ్ళు. తగ్గినన్నే."

"ఫ్యానుకి నీళ్ళు ఎగిరిపోతాయి గానీ ఉప్పెక్కడికి పోద్దండీ? పులుసు ఇగిరిపోతే నేను మంచినీళ్ళు పోస్తానా, మళ్ళీ ఉప్పేస్తానా? మీరు చేపని పెంచట్లేదు. బతికుండగానే ఇగురు పెడుతున్నారు."

"నాలుకతో చూస్తూనే ఉన్నానుగా!"

"ఆ నాలుకేగా! మీ బీపీకని ఆర్నెల్లుగా కూరల్లో సగం ఉప్పే వేస్తున్నా. ఒక్కరోజన్నా కనిపెట్టారా?"

కనిపెట్టలేదు. బీరువాలోంచి పరికరం తీసి చూస్తే, ఉప్పు ఉండాల్సిన గీత దాటి చాలా పైకి పోయింది. ఒక్కసారిగా తగ్గిస్తే కూడా చేప పోతుందన్నాడు కొట్టతను. అందుకని పొద్దున ఓ మగ్గు, సాయంత్రం ఓ మగ్గు ఉప్పునీళ్ళు తోడేసి, అన్నే ఫిల్టర్ నీళ్ళు పోస్తూ వచ్చాను. పోసిన ప్రతిసారీ పరికరంతో చూశాను. చివరికి చేప సందులోంచి బయటికొచ్చి రాతిని ఒక్కసారి గీకింది. మళ్ళీ లోపలికి పోయింది. మర్నాటినుంచి మామూలే.

ఇప్పుడు ఎవరొచ్చినా, ఉప్పెక్కువైందని నాలుకతో పసిగట్టి రెండు రోజుల్లో బతికించానని చెబుతున్నాను. లోపలినుంచి మా ఆవిడ దగ్గుతుంది. నిజానికి అది కోలుకోడానికి పట్టింది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో చేపలు వండలేదు. ఎండలకి వేడి చేస్తుందని వద్దన్నాను. ఆమె ఎందుకని అడగలేదు.