కంట్రోల్లో పెట్టిన మాత్ర

మా చిన్నవాడు తల దువ్వించుకుంటూ కదలకుండా కూర్చున్నాడు. నాకు భయం పట్టుకున్నది అప్పుడే. మూడేళ్లవాడు, దువ్వెన కనబడితే చాలు మంచం కిందికి దూరేవాడు. బయటికి లాగితే స్టోరంతా వినపడేలా అరిచేవాడు. ఆ సాయంత్రం నా మోకాళ్ల మధ్య తల వంచుకుని ఉండిపోయాడు. చిక్కు లాగినా అమ్మా అనలేదు. మెడ మీద చెయ్యి పెట్టి చూస్తే కాలిపోతోంది.

స్టోరంటే మద్రాసు ఎరగనివాళ్లు అంగడి అనుకుంటారు. ఒకే వీధివాకిలి, ఒకే కుళాయి, మధ్యలో పొడుగాటి నడవ, దానికి రెండు వైపులా ఒక్కో గదీ వంటిల్లూ ఉన్న కాపురాలు. మైలాపూరులో మేమున్నది అటువంటి దాంట్లో. ఎవరి చారు పొంగినా అందరికీ తెలుస్తుంది. ఆ వేసవిలో ఎవరికి దగ్గు మొదలైనా అందరికీ తెలిసేది. ఓడల్లో వచ్చిన ఫ్లూ జ్వరం హార్బరు దాటి ఊరంతా పాకింది. మా ఆయన తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేవారు. అక్కడ సగం మంది పడకేశాక ఆయనా పడ్డారు. తరవాత మా పెద్దపిల్ల. వాళ్లిద్దరికీ గంజి కాచి, దుప్పట్లు ఉతికి, కుళాయి దగ్గర బిందె నిండేలోపే నిలబడి కునికే స్థితికి వచ్చాను. ఇద్దరూ లేచి కూర్చున్నారు, ఇక గండం గడిచింది అనుకుంటుండగా చిన్నవాడికి తగులుకుంది.

మర్నాడు పొద్దున వాణ్ణి భుజాన వేసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. మందుకు ఖాళీ సీసా మనమే పట్టుకుపోవాలి. మా అత్తగారు ఆ సీసా పట్టుకుని వెనకాలే వచ్చింది. డాక్టరుగారు వాడి వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. మామూలు జ్వరం మందు రాసి చీటీ కాంపౌండరుకు అందించబోయారు.

"ఆ కొత్త మాత్ర రాయండి సామీ," అంది అత్తగారు. "ఎదురింటి బిడ్డకు పోయిన వారం రాస్తిరే."

"పోయిన వారం రాశానమ్మా. ఇప్పుడు రాయకూడదు. ఈ జ్వరానికి ఆ మందు పనిచేస్తుందని ఇంకా ఎవరూ తేల్చలేదు. తేలేదాకా రాయొద్దని గవర్నమెంటు ఉత్తర్వు వచ్చింది. చీటీ లేకుండా అమ్మొద్దని షాపులవాళ్లకూ చెప్పారు."

"బిడ్డ ప్రాణం కంటే మీకు ఉత్తర్వు పెద్దదైపాయనా?"

ఆయన కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నారు. ఆయనా సరిగ్గా నిద్రపోయి చాలా రోజులై ఉంటుంది. నా వైపు తిరిగి, అత్తగారికి అర్థం కాకూడదని ఇంగ్లీషులో చెప్పారు. రాసినన్నాళ్లూ ఎవరికి ఆ మందు మేలు చేసిందో, ఎవరు వాళ్లంతట వాళ్లే లేచారో ఆయనకు తెలియలేదట. అందరూ అడిగారు గనక రాశారట. ఆ మందు వాడిన కొందరికి ఒంట్లో రక్తం పుట్టడమే ఆగిపోయిందని పై దేశాల పత్రికల్లో చదివారట. "ఉత్తర్వు వచ్చిన రోజు నాకు కాస్త ఊపిరాడిందమ్మా," అన్నారు. "కాదనడానికి ఒక సాకు దొరికింది." వాడికి ఎగశ్వాస వచ్చినా, పెదాలు నీలం తిరిగినా ఒక్క క్షణం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. అప్పుడు అది వేరే జబ్బు, దాని మందులు వేరే అన్నారు.

ఇంటికి వచ్చేసరికి కుళాయి దగ్గర ఈ సంగతే నలుగుతోంది. కంట్రోల్లో పెట్టారంటే మంచి మందే అయి ఉంటుందని అందరిదీ ఒకటే మాట. వాళ్లను తప్పుపట్టలేను. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర, కంట్రోలు గుడ్డ, అన్నీ క్యూలో నిలబడి తెచ్చుకున్నవాళ్లం. ఏ వస్తువు మంచిదైతే దానికి కార్డు, పలుకుబడి ఉన్నవాళ్లకు వెనక తలుపు. పనికిరానిదాన్ని గవర్నమెంటు కంట్రోల్లో పెట్టడం మేమెవరమూ చూడలేదు. బి.ఎ. చదివిన నాక్కూడా, డాక్టరుగారి మాటలు చెవుల్లో ఉండగానే, ఆ లెక్కే సబబుగా తోచింది. మంత్రుల పిల్లలకు దాచుకుంటున్నారేమో అనుకున్నాను.

సాయంత్రానికి మా మరిది వచ్చాడు. హార్బరు దగ్గర మందుల షాపులో అతనికి తెలిసినవాళ్లున్నారు. జేబులోంచి కాగితం పొట్లం తీసి అత్తగారి చేతిలో పెట్టాడు. లోపల గొట్టం మాత్రలు. సీసా లేదు, పేరు లేదు.

"బ్రాందీకి పర్మిటు, జొరం మాత్రకు పర్మిటు," అన్నాడు, మద్యనిషేధాన్నీ కలిపి ఎత్తిపొడుస్తూ. "ఇంక తుమ్మాలన్నా పర్మిటు తెచ్చుకోవాల వదినా. ఎట్టనో సంపాదించినాను. ఇచ్చేయండి బిడ్డకు."

"ఇవి ఆ మాత్రలేనని ఎట్లా తెలుసు?"

"ఏం వదినా, నేనేమన్నా ఇసం తెస్తానా వాడికి?"

అతనికి కోపం వచ్చింది. కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నేను తడిగుడ్డ పిండుకుని వచ్చేలోపల అత్తగారు మాత్ర విప్పి, పొడి తేనెలో కలిపి, చిన్నవాడి తల ఒళ్లో పెట్టుకుంది. గిన్నె వాడి నోటి దగ్గరికి పోతోంది.

"అత్తా, వద్దు."

"ఏమ్మే, నువ్వు సదువుకున్నదానివి, నేను కాదనలా. ఆ మొదటి యుద్ధంనాటి దొడ్డ జొరం వచ్చినప్పుడు నా మొదటి బిడ్డ నా ఒళ్లోనే పోయింది. ఇంతే ఉండె, వీనంత. అప్పుడు ఈడ మందనేదే లేదు. ఉండి ఇయ్యకపోతే ఎట్టమ్మే?"

అంతకు ముందు ఆ బిడ్డ మాట ఆమె నాతో ఎప్పుడూ అనలేదు. మా ఆయనకు ఒక అక్క ఉండేదని నాకు అప్పుడే తెలిసింది. నీరసం తీరక ఇంకా మంచం మీదే ఉన్న మా ఆయన, "నా తల పగిలిపోతాంది. మీరిద్దరే తేల్చుకోండి," అని గోడ వైపు తిరిగారు.

నేను గిన్నె తీసుకున్నాను. లాక్కున్నాననే అనాలి. అత్తగారి చేతి మీద తేనె ఒలికింది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చేతి మీది తేనె కొంగుతో తుడుచుకుంది. "శ్వాస చూస్తుంటాను అత్తా," అన్నాను. "ఏమాత్రం తేడా వచ్చినా ఆసుపత్రికి పోదాం. రిక్షా అతనికి చెప్పి ఉంచాను." ఆ మాట ఆమెకు కాదు, నాకు నేను చెప్పుకున్నాను. గిన్నె తూములో కడిగేశాను. కడిగేసిన తరవాత కూడా, అది అసలు మందేనేమో, బిడ్డ ప్రాణాన్ని తూములో పోశానేమో అనిపించింది.

వాడు బతికాడని ఇక్కడే చెప్పేస్తాను. ఇది నేను గెలిచిన కథ కాదు. ఆ మాత్రలు మింగిన ఎదురింటి బిడ్డ కూడా లేచి ఆడుకుంది, మావాడి కంటే ముందే. దేనివల్ల ఎవరు లేచారో మా స్టోరులో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియదు. ఇప్పటికీ పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్న ఈ కాగితాలు ముందేసుకుని ఆ సాయంత్రం గురించే ఆలోచిస్తుంటాను. ఆలోచించి ఆలోచించి అలసిపోవడమే తప్ప ఏమీ తేలదు.

ఆ రాత్రి నేను వాడి పక్కన కూర్చుని నొసటి మీద గుడ్డ మారుస్తూ ఊపిరి వింటూ ఉన్నాను. అత్తగారు లేచి పోలేదు. అటుపక్క కూర్చుని విసనకర్రతో విసురుతూనే ఉంది. కాకులు అరిచే వేళకు వాడికి కొంచెం చెమట పట్టింది. జ్వరం పోలేదు, తగ్గింది. అత్తగారు వాడి పాదాలు తాకి చూసి, చాప మీద ఒరిగింది.

నేను పొయ్యి రాజేసి గంజి దించేసరికి పెద్దపిల్ల తమ్ముడి పక్కన చేరి ఉంది. వాడు కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

"తమ్ముడికి మందు నువ్వే ఇయ్యనీలేదంట. నువ్వు తూము కాడికి పోయినప్పుడు అవ్వ ఏడిస్తే నేను చూసినాను," అంది పిల్ల. "ఎందుకమ్మా ఇయ్యలేదు?"

అబద్ధం చెప్పే ఓపిక కూడా లేదు. ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

"ఆ మందు తమ్ముడికి మంచిదో కాదో నాకు తెలీదు. డాక్టరుగారికీ తెలీదు. అందుకే ఇవ్వలేదు. వాడు బతకాలనే అవ్వ ఇస్తానంది, వాడు బతకాలనే నేను వద్దన్నాను. అవ్వ రాత్రంతా విసురుతూ కూర్చుంది. ఆమె దగ్గర అరవకండి, లేపకండి. నోళ్లు తెరవండి, గంజి చల్లారిపోతోంది."